పెండ్లికొడుకు చేతిలో ఇనుము

ముప్ఫై ఏళ్ళుగా వజ్రమ్మ నెత్తి మీదుగా విమానాలు పోతూనే ఉన్నాయి. అమీర్‌పేటలో మైత్రీవనం వెనక గల్లీలో ఇల్లు. బేగంపేటలో దిగే విమానాలు డాబాను ఒరుసుకుంటూ పోతున్నట్టే ఉండేవి. ఆ మోత పోయేదాకా టీవీలో ఎవరేమంటున్నారో వినపడదు, పై పోర్షన్‌లో అద్దెకున్న కోచింగ్ పిల్లలు ఏం అడుగుతున్నారో తెలియదు. "నీ ఇంజిను పాడుగాను" అని పైకి చూసి తిట్టడం ఆమెకు అలవాటు. అలా తిట్టిన మనిషే ఒకనాడు పొద్దున్నే పట్టుచీర కట్టుకుని, ఒళ్ళంతా పసుపు పూసుకున్న కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని, విమానం ఎక్కడానికి ట్యాక్సీలో బయలుదేరింది.

అసలు వాళ్ళు ఎక్కాల్సింది రైలు. అనుదీప్ పెళ్ళి విశాఖపట్నంలో. పిల్ల పేరు హరిణి. మాదాపూర్‌లో వీడు పనిచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీలోనే పక్క సీటు. ఆంధ్రా వాళ్ళ పిల్ల అని మొదట్లో వజ్రమ్మ మూతి ముడుచుకుంది గానీ, ఆ పిల్ల ఒకరోజు ఇంటికొచ్చి వంటింట్లో కిందే చతికిలబడి, వేడి వేడి సర్వపిండి అడిగి మరీ పెట్టించుకుని తినేసరికి ఆ మూతి దానంతటదే సర్దుకుంది. పెళ్ళి ముందురోజు మధ్యాహ్నం చుట్టాలందరినీ వెంటేసుకుని వజ్రమ్మ పెనిమిటి సాయిలు సికింద్రాబాదులో రైలెక్కేశాడు. సనత్‌నగర్‌లో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి, రైలంటే ముందుగా పోయి ప్లాట్‌ఫారం మీద నిలబడకపోతే ఆయనకు అన్నం అరగదు. ఎక్కలేకపోయింది పెళ్ళికొడుకు ఒక్కడే.

కంపెనీలో ఏదో రిలీజ్ అట. అది ఆ రోజే పోవాలట, పోలేదట. సర్వరు కూర్చుందట.

"సర్వరు కూసుంటే నువ్వెందుకురా కూసునుడు? నీకు పెండ్లి కాదు, దానికేనా?" అని వజ్రమ్మ ఎంత మొత్తుకున్నా ఫోను మీద ఫోను వస్తూనే ఉంది. చివరికి అనుదీప్ తనకూ, తల్లికీ పొద్దుటి విమానానికి టికెట్లు తీసుకున్నాడు. పెళ్ళికొడుకును చేసిన పిల్లవాణ్ణి ఒంటరిగా వదలకూడదు కాబట్టి తల్లి ఆగిపోయింది. ముహూర్తం మధ్యాహ్నం పన్నెండు లోపల. ఆ విమానం తప్పిపోతే సాయంత్రం దాకా మరొకటి లేదు.

ఇక కటారు సంగతి. పెళ్ళికొడుకును చేసిన ఘడియ నుంచి తాళి కట్టేదాకా వాడి చేతిలో ఇనుము ఉండాలి. వజ్రమ్మ పుట్టింట్లో అదే పట్టింపు, అత్తింట్లోనూ అదే. జానెడు కటారు, పిడికి పసుపు గుడ్డ, మొనకు గుచ్చిన నిమ్మకాయ. తింటున్నా, పడుకున్నా, స్నానానికి పోయినా అది వాడి ఒంటిని అంటుకునే ఉండాలి. అది ఉంటే దిష్టి తగలదు, గాలీ ధూళీ దగ్గరకు రావు. అనుదీప్ మూడు రోజులుగా దాన్ని వదల్లేదు. ఎడమ చేత్తో కటారు, కుడి చేత్తో కీబోర్డు, అలాగే కూర్చుని ఆ సర్వరును లేపాడు పాపం.

వజ్రమ్మకు ఇది ముచ్చట కోసం చేసే పని కాదు. ఆమె లంగా జాకెట్టు వేసుకునే వయసులో అన్న ఐలయ్యను పెళ్ళికొడుకును చేశారు. మర్నాడు పెళ్ళనగా, పొలంలో నీళ్ళు చూసొస్తానని కటారు గూట్లో పెట్టి పోయాడు. గట్టు మీద పురుగు ముట్టింది. పచ్చని పందిట్లోకే తెచ్చి పడుకోబెట్టారు. పాము ఇనుమును చూసి ఆగుతుందా, టైముకు సూది మందు పడితే బతికేవాడా అని చదువుకున్న వాళ్ళు తరవాత చాలా అన్నారు. వజ్రమ్మ కళ్ళతో చూసింది మాత్రం గూట్లో కటారునూ, ఖాళీ చేతులతో పడుకున్న అన్ననూ. ఆ విషయంలో ఇక ఎవరి మాటా ఆమెకు చెవికెక్కదు. కొడుకు పెళ్ళి కుదిరిన రోజు నుంచీ ఆమెకున్న భయమల్లా వాడి చేయి ఖాళీ అవుతుందేమోనని.

ట్యాక్సీ పంజాగుట్ట మీదుగా తిరిగింది, అక్కడ పూలదండలు చెప్పి పెట్టారు. ఫ్లైఓవరు పని జరుగుతోంది. ఎటు చూసినా రేకులు, గుంతలు, హారన్లు. పూలమ్మే లచ్చమ్మ పెళ్ళికొడుకును చూసి దండల మీద ఇంకో మల్లెమూర ఊరికే పడేసి, "పైలంగ పోయి రా కొడుకా" అంది. ఆ ట్రాఫిక్కులోంచి బయటపడి బేగంపేట చేరేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

సూట్‌కేసులు కౌంటర్లో ఇచ్చేశారు. అవి బెల్టు మీద ఊగుకుంటూ లోపలికి పోయాయి. ఒక్క క్షణం ఆలోచించి ఆ కటారును అందులో పడేసి ఉంటే ఈ కథే లేదు. అనుదీప్‌కు రూలు తెలియక కాదు. ఆఫీసు పని మీద ఎన్నిసార్లు విమానం ఎక్కాడో. గోళ్ళు తీసుకునే కట్టరు కూడా గుర్తుపెట్టుకుని పెట్టెలో పెట్టే రకం. కానీ నడుముకు చెక్కుకున్నది కత్తి అని వాడికి తోచనే లేదు. బుగ్గన దిష్టిచుక్క, మణికట్టుకు కంకణం, నడుముకు కటారు. అన్నీ పెళ్ళి తాలూకు వస్తువులే. తల్లికైతే అసలే తోచలేదు. కత్తంటే కూరలు తరిగేది, కటారంటే బిడ్డ ప్రాణం. రెండూ ఒకటని ఎవరైనా అంటే ఆమె నవ్వి ఉండేది.

సెక్యూరిటీ దగ్గర మగవాళ్ళ లైను ఒకవైపు, ఆడవాళ్ళకు గుడ్డ తెరలతో కట్టిన చిన్న గది ఇంకోవైపు.

తెర లోపల ఖాకీ ప్యాంటూ షర్టూ వేసుకున్న అమ్మాయి, నెత్తిన టోపీ, పాపిట్లో సింధూరం, చేతిలో కుయ్యిమనే కర్ర. ఆ కర్ర వజ్రమ్మ ఒంటి మీద ఎక్కడ పెడితే అక్కడ కుయ్యిమంది. కాళ్ళ దగ్గర కుయ్యి. మట్టెలు. ఇంకొంచెం పైన కుయ్యి. వెండి కడియాలు. తియ్యమంది ఆ అమ్మాయి హిందీలో.

"నై నికల్తే బిడ్డా. సబ్బు పెట్టినా రావు. కంసాలోడు కొట్టి బిగించిండు, మళ్ళ ఆడే కొయ్యాలె."

నడుము దగ్గర కుయ్యి. బొడ్లో దోపుకున్న సంచీ తీసి, ముడి విప్పి, పుస్తెలు చూపించాల్సి వచ్చింది. పెళ్ళిపీటల మీద తప్ప పరాయివాళ్ళ కంట పడకూడని పుస్తెలు! సంచీ బయట బల్ల మీద మిషన్లో పెట్టాలంది. పెట్టను అంది వజ్రమ్మ. పెట్టాల్సిందే అంది అమ్మాయి. తెర బయట ఆడవాళ్ళు "ఎంతసేపండీ బాబూ" అని విసుక్కుంటున్నారు. వజ్రమ్మకు ఒళ్ళు మండిపోయింది.

"ఎవలింట్లనన్న దొంగతనం చేసి వచ్చిన్నా ఏంది నేను? పెండ్లికి పోతున్న తల్లిని గిట్ల నిలబెట్టి ముట్టుకుంటరా?"

ఆ అమ్మాయి ఏమనుకుందో, చిన్నగా నవ్వి, సంచీని మళ్ళీ తన చేత్తోనే ముడివేసి ఆమె చేతిలో పెట్టింది. అలా పెడుతుంటే కర్ర మళ్ళీ కుయ్యిమంది. ఈసారి కూసింది ఆ అమ్మాయి చేతినున్న నల్లటి గాజును చూసి. ఇనుప గాజు. బంగారమా, వెండా, ఇనుము ఎందుకు వేసుకున్నావని వజ్రమ్మ అడగబోతుండగా బయట గట్టిగా అరుపు వినిపించింది. పరుగెత్తిన బూట్ల చప్పుడు. ఆ అరుపుల మధ్య "అమ్మా!" అన్న అనుదీప్ గొంతు.

తెర తోసుకుని వచ్చి చూస్తే ఏముంది! కొడుకు రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉన్నాడు. చుట్టూ నలుగురు ఖాకీలు. కటారు ప్లాస్టిక్ ట్రేలో పడి ఉంది. నిమ్మకాయ ఎటు దొర్లిపోయిందో తెలియదు. లైన్లో ఉన్నవాళ్ళు నాలుగడుగులు వెనక్కి జరిగి, పసుపు మొహంతో ఉన్న ఈ దోషిని వింతగా చూస్తున్నారు.

వజ్రమ్మకు కనిపించింది ఆ చేతులే. పైకెత్తిన, ఖాళీ చేతులు. ఒక్క ఉదుటున ట్రే మీదికి పోయింది. వెనకే వచ్చిన ఆ అమ్మాయి రెండు భుజాలూ పట్టి ఆపకపోతే ఇంకెంత గొడవయ్యేదో.

మీసాల ఆఫీసరు ఒకాయన వచ్చాడు. హిందీలో గట్టిగా మాట్లాడాడు గానీ తప్పు మాట్లాడలేదు. ఆయన చెప్పింది న్యాయమే. విమానంలోకి కత్తి పోదు. పెళ్ళయినా సరే, ఎవరి పెళ్ళయినా సరే. ఇక్కడ వదిలేసి ఎక్కండి, లేకపోతే వెనక్కిపోండి.

అనుదీప్ మొహం ఎర్రబడిపోయింది, పసుపు కిందినుంచి కూడా తెలుస్తోంది. "తప్పయిపోయింది సార్, మరిచిపోయిన" అన్నాడు. తల్లి వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "అమ్మా, వదిలేద్దామే. వైజాగ్‌ల దిగంగనే ఇంకోటి కొనుక్కుంట. గంటనే కద."

"ఆ గంట ఎవని జిమ్మ? ఏమన్నయితే ఎవడు జవాబు చెప్పాలె?"

"అమ్మా, అందరు చూస్తున్నరు."

"చూడనీ. మా అన్న సుత గట్లనే అన్నడు, ఇప్పుడే వస్త అని." వజ్రమ్మ కొడుకు మణికట్టు పట్టుకుంది. "నీ చేయి ఖాళీగుంటే నువ్వెక్కవు. నువ్వెక్కకుంటే నేనెక్క. పెండ్లి సాయంత్రం చేసుకుందువు, రేపు చేసుకుందువు, మీ మామ కాళ్ళు నేను పట్టుకుంట."

అని అక్కడే ఆ నున్నటి గచ్చు మీద కూలబడింది, పట్టుచీర నలిగిపోతుందని కూడా చూడకుండా. అదే సమయానికి అనుదీప్ ఫోను మోగింది, వాడు ఎత్తి తల్లి చేతికిచ్చాడు. హరిణి తల్లి జానకీదేవి.

"వదినగారూ, ఎక్కేశారా? ఏంటి, అక్కడ అంత గోలగా ఉంది? బాబు బానే ఉన్నాడా?"

"ఎక్కుతున్నం వదినా" అంది వజ్రమ్మ. అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాదు, గొంతే చెప్పేసింది. అబద్ధమని జానకీదేవికి తెలిసిపోయింది.

"ముహూర్తం దాటిపోతే ఈ మాసంలో మళ్ళీ లేదు వదినగారూ. మీ ఇష్టం, మీ పిల్లాడు. జాగ్రత్తగా రండి" అని పెట్టేసింది. ఆ మర్యాద వజ్రమ్మకు తిట్టినదానికన్నా ఎక్కువ తగిలింది. పైన స్పీకర్లో వాళ్ళ విమానం పేరు పిలుస్తున్నారు. ఎక్కినా భయమే, ఎక్కకపోయినా పరువు నష్టమే. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

ఖాకీ అమ్మాయి ఆమె ముందు గొంతుక్కూర్చుంది. ఎందుకమ్మా ఇంత పట్టుదల అని అడిగింది. వజ్రమ్మ తనకొచ్చిన హిందీ అంతా పోగేసింది. మేరా భాయ్, పెండ్లికొడుకు, పొలం, సాంప్, మర్‌గయా. చేతులు చూపించింది. ఖాళీ హాత్, బిడ్డా, ఖాళీ హాత్. ఆ హిందీకి వ్యాకరణం లేదు, కానీ అర్థం కానిది కూడా ఏమీ లేదు.

ఆ అమ్మాయి తన ఎడమ చెయ్యి ముందుకు చాపింది. ఇనుప గాజు.

"మాది బెంగాల్ అమ్మా" అంది హిందీలో. "మా దగ్గర పెళ్ళికొడుకు చేతిలో అడకత్తెర పెడతారు. పెళ్ళయ్యాక ఆడదాని చేతికి ఇనుము తొడుగుతారు, మొగుడు చల్లగా ఉండాలని. మా అత్త తొడిగింది ఇది. డ్యూటీలో గాజులు వద్దన్నారు. అన్నీ తీసేశాను, దీన్ని తియ్యలేదు. పెద్దసారు రెండుసార్లు అడిగి ఊరుకున్నారు."

వజ్రమ్మ ఆ గాజును వేళ్ళతో తడిమి చూసింది.

"ఒకటి చెప్పమ్మా. నీ కొడుకు చేతిలో ఉండాల్సింది ఇనుమా, పదునా?"

ఇన్నేళ్ళలో ఎవరూ వజ్రమ్మను ఆ ప్రశ్న అడగలేదు, ఆమె కూడా అడుక్కోలేదు. తల్లి ఏం చెప్పింది? నాయనమ్మ ఏం చెప్పింది? ఇనుము ఉండాలె పిల్లా, ఇనుము ఉంటే రాదు. అంతే. పదును మాట ఎవరూ ఎత్తలేదు.

"ఇనుము" అంది. "ఇనుమే బిడ్డా."

అమ్మాయి లేచింది. జేబులో చెయ్యి పెట్టి ఎర్రతాడుకు కట్టిన తాళంచెవి ఒకటి తీసింది. పొడుగ్గా, లావుగా, తుప్పు చాయ తిరిగిన ఇనుప తాళంచెవి. బ్యారక్‌లో మంచం కింద ఉండే ఆమె ట్రంకుపెట్టెది. దాన్ని తీసుకుని మీసాల ఆఫీసరు దగ్గరకు పోయి, నిటారుగా నిలబడి, ఏదో గబగబా చెప్పింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆమె మళ్ళీ చెప్పింది. తాళంచెవులకు రూలు అడ్డం లేదు కదా సార్ అన్నది మాత్రం వజ్రమ్మకు కూడా అర్థమైంది. ఆయన తాళంచెవి తీసుకుని, వెనకా ముందూ తిప్పి, బొటనవేలితో రుద్ది చూశాడు. తరవాత వంగాడు. ఎక్స్‌రే మిషను బల్ల కిందికి చెయ్యి పోనిచ్చి నిమ్మకాయ బయటకు తీశాడు. ప్యాంటుకు తుడిచాడు. తాళంచెవినీ, నిమ్మకాయనూ ఒకే ట్రేలో పెట్టి బెల్టు మీద వదిలాడు. అవి రెండూ పెద్దమనుషుల్లా మిషన్లోంచి పోయి అవతల తేలాయి.

"నిమ్మకాయకు కూడా నిషేధం లేదు" అన్నాడాయన, మొహంలో నవ్వు కనిపించనీయకుండా. కటారును కవరులో పెట్టించి, సీలు వేయించి, విమానం కంపెనీ పిల్లను పిలిచి అప్పగించాడు. అది సామాన్లతో పాటు కింద పోతుంది, వైజాగ్‌లో చేతికిస్తారు. "పరుగెత్తండి ఇక. మీవాళ్ళు తలుపు వేసేస్తారు."

అమ్మాయి తాళంచెవి తెచ్చి అనుదీప్ చేతిలో పెట్టబోయి ఆగి, వజ్రమ్మ చేతికిచ్చింది. తల్లి పెట్టాలి కదా. వజ్రమ్మ దాన్ని కొడుకు అరచేతిలో పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటీ మూసింది.

"మరి నీ పెట్టె ఎట్ల తీస్తవ్ బిడ్డా? సాయంత్రం బట్టలు?"

"సుత్తి ఉంది కదమ్మా" అని నవ్వింది అమ్మాయి. "పదండి, పదండి."

పేరన్నా అడగలేదు. పరుగెత్తారు. పెళ్ళికొడుకు ఒక చేత్తో తాళంచెవీ నిమ్మకాయా, ఇంకో చేత్తో తల్లినీ పట్టుకుని పరుగెత్తుతుంటే, ఇందాక వెనక్కి జరిగిన జనమే ఇప్పుడు పక్కకు తప్పుకుని దారిచ్చారు. ఎవరో "కంగ్రాట్స్ భాయ్!" అని అరిచారు కూడా.

విమానం లేస్తుంటే వజ్రమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. కొడుకు పిడికిలిని తన రెండు చేతులతో పొదివి పట్టుకుంది. వాడు "అమ్మా, చూడే, మన అమీర్‌పేట" అని కిటికీ వైపు చూపించినా చూడలేదు. గోదావరి దాటిందన్నా చూడలేదు. దిగేదాకా పిడికిలి వదల్లేదు.

వైజాగ్‌లో కవరు భద్రంగా చేతికొచ్చింది. మండపంలో సాయిలు కటారు చూసి, కొడుకు చేతిలో తాళంచెవి చూసి, "ఇదేందిది? ఎవలి ఇంటి తాళం?" అని నోరు తెరిచాడు. కథంతా విని, అయితే ఇప్పుడు కటారు పట్టుకోమనండి, అది మిషన్ల కింద పడిపోయిందేమో కడిగి ఇవ్వండి అని చుట్టాలు తలో మాటా అన్నారు. వజ్రమ్మ ఒప్పుకోలేదు.

"ఏది తీసుకొచ్చిందో అదే ఉంటది. నడుమల మార్చొద్దు."

అలా పన్నెండు కాకముందే, కంకణం పక్కన ఎర్రతాడుతో కట్టిన ట్రంకుపెట్టె తాళంచెవితో అనుదీప్ హరిణికి మూడు ముళ్ళూ వేశాడు. మూడో ముడి పడగానే వజ్రమ్మ చేతిలోని అక్షింతలు వాళ్ళ నెత్తిన వేసి, పక్కకు పోయి స్తంభానికి ఆనుకుని నిలబడింది. ఆమె చిన్నప్పటి నుంచీ మోసిన బరువు అప్పటికి దిగింది. జానకీదేవి వచ్చి భుజం మీద చెయ్యి వేసి, "ఏంటి వదినగారూ, అంతా మంచే జరిగింది కదా" అంటే, "మంచే జరిగింది వదినా, ఎవ్వరో కన్నబిడ్డ వల్ల జరిగింది" అని కళ్ళు ఒత్తుకుంది.

పదహారు రోజుల పండుగ అయ్యాక వజ్రమ్మ విమానాశ్రయానికి ప్రయాణం కట్టింది.

"తాళంచెవి ఇచ్చుడే కద" అన్నాడు సాయిలు. "సెలవురోజు అనుదీప్ పోయి ఇచ్చొస్తడు. నువ్వెందుకు పోవుడు?"

"తాళంచెవి కోసం పోతలేను."

పంజాగుట్టలో చీరల షాపుకు కోడలిని వెంటేసుకుని పోయింది. షాపు వాడు కౌంటరు నిండా పరిచినా ఒక్కటీ నచ్చలేదు. చివరికి కోడలి పెళ్ళిచీరకు ఏమాత్రం తీసిపోని పచ్చ అంచు చీర తీసుకుంది. ఇంటికొచ్చి బియ్యం కడిగి ఆరబోసి, పసుపూ నూనే పట్టించింది. ఎండు కొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, పసుపు కొమ్ములు. హరిణి అన్నీ అందిస్తూ, "ఇవన్నీ ఎవరికి అత్తయ్యా?" అని అడిగింది.

"ఆడబిడ్డకు. తల్లిగారింటి ఒడిబియ్యం."

"మీకు ఆడపిల్లల్లేరు కదా?"

"అందుకే ఇన్నేండ్లు ఎవ్వలకు పొయ్యలె" అంది వజ్రమ్మ.

హరిణిని వెంటబెట్టుకుని బేగంపేటకు పోతే, టికెట్టు లేనిదే లోపలికి పోనివ్వరు. గేటు దగ్గర నిలబడిన జవాను సంచీ ఏంటన్నాడు. వజ్రమ్మ చిరాకుపడలేదు. తనే సంచీ విప్పి ఒక్కొక్కటీ తీసి చూపించింది. "చూడు నాయనా, మంచిగ చూడు. మిషన్ల పెడతవా? పెట్టు. ఆడ లోపల ఇనుప గాజు పిల్ల ఉంటది, బెంగాల్ పిల్ల. పెండ్లికొడుకు తల్లి వచ్చిందని చెప్పు." జవాను నవ్వాడు. ఆ గొడవ అక్కడ అందరికీ తెలిసినట్టుంది.

మధ్యాహ్నం డ్యూటీ దిగి ఆ అమ్మాయి బయటకు వచ్చింది. వజ్రమ్మను చూసి ఆగిపోయింది. తాళంచెవి చేతిలో పెడితే పకపకా నవ్వింది. ఆ తాళం ఆ రోజే సుత్తితో పగలగొట్టి, కొత్తది కొనుక్కుందట. ఇక ఈ తాళంచెవికి తాళమే లేదట. "మీ దగ్గరే ఉంచండమ్మా. మీ మనవడి పెళ్ళికి పనికొస్తుంది" అంటే హరిణి సిగ్గుపడి అటు తిరిగింది.

"నీ తల్లిగారింట్ల ఎవరున్నరు బిడ్డా?" అని అడిగింది వజ్రమ్మ. హరిణి హిందీలో చెప్పింది.

అన్న ఉన్నాడంది. ఎప్పుడూ పిలవడంది. అమ్మ పోయింది కదా అంది, ఏ బరువూ లేకుండా, ఎప్పుడో అలవాటైపోయిన మాటలా.

వజ్రమ్మ ఇంకేం అడగలేదు. టాక్సీ స్టాండు పక్కన నీడలో తువ్వాల పరిచి ఆ అమ్మాయిని కూర్చోబెట్టింది. ఒడి పట్టమంది. అమ్మాయి తన వైపు తానే చూసుకుంది. ఖాకీ ప్యాంటు, ఖాకీ షర్టు, నడుముకు బెల్టు. ఒడి పట్టడానికి కొంగేది?

"కొంగు నేనే తెచ్చిన" అని వజ్రమ్మ చీర మడత విప్పింది. యూనిఫాం మీదే చుట్టింది, బెల్టు మీదుగా పైట తిప్పి, కొంగు ముందుకు తెచ్చి ఒళ్ళో పరిచింది. హరిణి టోపీ తీసి పక్కన పెట్టింది. టాక్సీ డ్రైవర్లు బీడీలు పారేసి లేచి నిలబడ్డారు. గేటు దగ్గర జవాను మెడ సాచి చూస్తున్నాడు. మీసాల ఆఫీసరు దేనికో బయటకు వచ్చి, చూసి, ఏమీ చూడనట్టు వెనక్కి తిరిగి నిలబడ్డాడు.

వజ్రమ్మ బొట్టు పెట్టింది. దోసిలి నిండా పసుపు బియ్యం తీసుకుని, ఆ అమ్మాయి ఒళ్ళో పోసింది. మళ్ళీ తీసుకుని పోసింది.

"గట్టిగ పట్టుకో బిడ్డా. నీ తల్లిగారింటి బియ్యం. ఒక్క గింజ కింద పడొద్దు."

హరిణి ఆ మాట హిందీలోకి మార్చబోయింది. అవసరం లేకపోయింది. అమ్మాయి రెండు చేతులతో కొంగు కొసలు బిగించి పట్టుకుని వంగిపోయింది. కన్నీళ్ళు ముక్కు మీదుగా కారుతున్నాయి. తుడుచుకుందామంటే చేయి ఖాళీ లేదు. వజ్రమ్మే తన కొంగుతో తుడిచింది.